కలిసి నడిచినవన్నీ చుట్టాలు కావు

మా అత్తగారు పోయారు. గురువారం పొద్దున్న పది దాటాక, బరంపురం హల్దియాపదర్‌లో మా ఇంటి ముందు గదిలో, కిటికీ పక్క మంచం మీద. ఊళ్లో తెలుగు మీడియంలో చదువుకున్న చాలామందికి ఆవిడ లెక్కల టీచరమ్మ. డెబ్భై ఎనిమిదేళ్లు. చాలాకాలంగా ఉన్న షుగరు చివరికి మూత్రపిండాలను తినేసింది. కబురు ఇంతే.

నివాళి అంటే మెత్తగా రాయాలంటారు. నాకు చేతకాదు. ఆవిడను ఇంకా గుమ్మం దాటించకముందే, నేను లోపల పసుపు గిన్నె కోసం వెతుకుతుంటే, వీధి అరుగు మీద కూర్చున్న ఇద్దరు చుట్టాలు మాట్లాడుకోవడం విన్నాను. వినాలనే కాస్త గట్టిగా అన్నారేమో కూడా.

"కోడలు బడికి సెలవెట్టి వచ్చి నెల్లాళ్లు అవనేదు. వచ్చినాది, మింగీసినాది."

"ముందు మావగారు, ఇప్పుడు అత్తగారు. ఆ పాదమే అంత. ఏటి సేస్తాం?"

మా వైపు పాదం అంటే చిన్న విషయం కాదు. కొత్త కోడలు గుమ్మంలో కుడికాలు పెట్టిన రోజు నుంచి ఆ ఇంట్లో జరిగే ప్రతిదానికీ ఆ కాలే జవాబు చెప్పుకోవాలి. బేరం పెరిగితే పాదం మంచిది. ఆవు ఈనకపోతే పాదం చెడ్డది. నా పాదం చెడ్డదని ముప్పై ఏళ్ల కిందటే తేల్చేశారు. ఆ తీర్పును కొట్టేసింది మా అత్తగారు. ఇప్పుడు ఆవిడ లేరు కదా అని పాత మాటను దుమ్ము దులిపి బయటికి తీశారు. ఆవిడ లేకపోయినా ఆవిడ లెక్క ఉంది. దాన్ని నాలుగు మాటల్లో చెప్పడమే నేను ఆవిడకు పెట్టగలిగిన పిండం.

ముందు మనిషి గురించి చెప్పాలి. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. కొంగుకు ఎప్పుడూ సుద్దపొడి. పొద్దున్న లేవగానే డైరీ తెరిచి ఆ రోజు ఆకాశం ఎలా ఉందో ఒక వాక్యం, సాయంత్రం మళ్లీ ఒక వాక్యం రాసుకునేవారు. ఎందుకని అడిగితే, "నాకేటి తెలుసు? ఎప్పుడో పనికొస్తాది" అనేవారు. ఎవరైనా సరైన జవాబు చెబితే ఒడియాలో "హఉ, హఉ" అని తల ఊపేవారు. ఆ హఉ కోసం పిల్లలు బెంచీల మీదికి ఎక్కేవారట.

సాయంత్రం టీ తాగుతూ అరుగు మీద ఒక ఆట ఆడించేవారు. ఈ రోజు ఏది పెరిగితే ఏది పెరిగింది, ఏది పెరిగితే ఏది తగ్గింది, ఎవరికి కనిపిస్తే వాళ్లు చెప్పాలి. కరెంటు పోయిన కొద్దీ వీధిలో మాటలు పెరిగాయి అనేవారు ఒకరు. బస్సులో జనం పెరిగిన కొద్దీ కండక్టరు మర్యాద తగ్గింది అనేదాన్ని నేను. మొదటిది జంట నడక, రెండోది ఎదురు నడక అని ఆవిడ పేర్లు పెట్టారు. పుస్తకంలో వాటికి ధనాత్మక సహసంబంధం, రుణాత్మక సహసంబంధం అని నోరు తిరగని పేర్లున్నాయి. రెండింటికీ పొత్తే లేకపోతే దాన్ని ఎవరి దారి వాళ్లది అనేవారు. మా ఆయన ఒకసారి తన బట్టతలకీ దేశంలో ధరలకీ జంట నడక ఉందని చెబితే ఆవిడ నవ్వు ఆపుకోలేక టీ ఒలకబోసుకున్నారు.

ఆట ఆడించాక చివర్లో ఒక మాట తప్పకుండా అనేవారు. "నడక సూసి సుట్టరికం కలపకండి." క్లాసులో అయితే ఇదే మాటకు కప్పల్ని తెచ్చేవారు. వీధిలో గొడుగులు పెరిగిన రోజుల్లోనే కప్పల అరుపులూ పెరుగుతాయి కదా, మరి గొడుగులు కప్పల్ని కన్నాయా అని అడిగేవారు. పిల్లలు పగలబడి నవ్వేవారు. వాన గొడుగునీ తెస్తుంది, కప్పనీ తెస్తుంది. గొడుగుకీ కప్పకీ మాటల్లేవు.

ఇంత తెలిసిన మనిషి నా విషయంలో తప్పు చేశారు. అది దాచి రాస్తే ఆవిడే ఒప్పుకోరు.

నాది పురుషోత్తంపూర్. ఇరవై రెండేళ్ల వయసులో ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. మాది వ్యాపారస్థుల కుటుంబమే, వాళ్లదీ అంతే. మా మావగారు ఇంట్లో అప్పడాలు చేయించి ఊళ్లో దుకాణాలకు వేసేవారు. పెరట్లో పొడుగాటి పాక, వరసగా పీటలు, ఎనిమిది మంది ఆడవాళ్లు అప్పడాలు వత్తడానికి వచ్చేవారు. పిండి కలపడం మాత్రం మావగారి అక్కగారిది. ఆవిడను నేను పెద్దత్త అనేదాన్ని. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన మనిషి. పిండి ముద్దను బొటనవేలితో నొక్కి, ఇంకో చెంబుడు నీళ్లు పడతాయో లేదో చెప్పగలిగేది. ఊరంతా పెద్దత్త చెయ్యి మంచిదనేది. ఆ మాట వినబడినప్పుడల్లా ఆవిడ వెన్ను నిటారుగా అయ్యేది.

నేను వచ్చిన పంతొమ్మిదో రోజున మావగారు భోజనం చేసి లేస్తూ కూలిపోయారు. గుండె. డాక్టరు వచ్చేసరికే అయిపోయింది.

పెద్దత్త తమ్ముడి మీద పడి ఏడుస్తూనే నా కాళ్ల వైపు చూసింది. "ఏటి పాదమే నీది, ఒలమ్మ ఒలమ్మ, పారాణి కూడా ఆరనేదు" అంది. అందరూ నా కాళ్ల వైపే చూశారు. నేను చీర కుచ్చిళ్లు కిందికి లాక్కున్నాను. ఆ రోజు సిగ్గుపడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

పదకొండో రోజు సాయంత్రం మా అత్తగారు గోడకు ఆనుకుని కూర్చుని ఉంటే మంచినీళ్లు తీసుకెళ్లి ఇచ్చాను. గ్లాసు తీసుకుని, నా ముఖం చూడకుండా అన్నారు. "నువ్వు రాకముందు ఈ ఇంట్లో సావు నేదు." తిట్టలేదు, అరవలేదు. మిగతా వాళ్లు అన్నవన్నీ ఒక ఎత్తు, ఆవిడ అన్న ఈ ఒక్క మాటా ఒక ఎత్తు. ఎందుకంటే మిగతా వాళ్లకు బుద్ధి లేదని సర్దుకోవచ్చు. ఆవిడకు బుద్ధి ఉందని నాకు అప్పటికే తెలుసు.

తరవాత రెండు నెలలు ఆవిడ నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. చావు జరిగిన ఇల్లు కాబట్టి ఆషాఢానికి నన్ను పుట్టింటికి పంపే ముచ్చట ఎవరికీ గుర్తు రాలేదు. వానలు పట్టాయి. ఆవిడ మళ్లీ బడికి వెళ్లడం మొదలుపెట్టారు. మా ఆయన దుకాణాల చుట్టూ తిరిగేవారు. ఇంట్లో నేనూ, పెద్దత్తా, మినప్పిండీ.

అప్పుడు మొదలైంది అప్పడాల గొడవ. వానాకాలంలో పని ఆపేవారు కాదు, ఎండ దొరికిన రోజు దొరికినట్టు చేసేవారు. పిండి ముందు రోజు సాయంత్రమే కలిపి తడిగుడ్డ కప్పి ఉంచేవారు. పొద్దున్న ఆడవాళ్లు వచ్చి వత్తేవారు. నేను పీట దగ్గరికి వెళితే పెద్దత్త, "ఒద్దు, నువ్వు ముట్టుకోకు" అనేది. కానీ కొన్ని రోజులు ఆ ఆడవాళ్లు రారు. అప్పుడు కలిపిన పిండి పారబొయ్యలేక, "సరే, ఏడుపు, నువ్వే వత్తు" అనేది.

నేను వత్తిన అప్పడాలు ఆరేవి కావు. మెత్తగా ఒకదానికొకటి అతుక్కునేవి. మూడో రోజుకు బూజు పట్టేవి. మిగిలినవి వేయిస్తే ఎర్రగా మాడిన చెప్పు తోలులా వచ్చేవి. నాకే భయం వేసింది. చేతులు తవుడుతో తోముకున్నాను. మొక్కుకున్నాను కూడా. నా చేతిలో నిజంగానే ఏదో ఉందని నమ్మడం మొదలుపెట్టాను. మనుషులు ఒక మాటను రోజూ అంటూ ఉంటే అది ఎక్కడో లోపలికి దిగిపోతుంది.

ఒక సాయంత్రం అత్తగారు బడి నుంచి వచ్చేసరికి పెద్దత్త బూజు పట్టిన అప్పడాల చేట పట్టుకుని పెరట్లో నిలబడి ఉంది.

"సూడవే టీచరమ్మా, సూడు. ఎనిమిది సార్లు దీని సెయ్యి పడినాది. ఎనిమిది సార్లూ సచ్చినాయి. పాదం ఇంటాయన్ని తినీసినాది, సెయ్యి యాపారాన్ని తినీస్తాది. దీన్ని పుట్టింటికి తోలీ."

మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు. తల్లి ఏమంటే అది జరుగుతుందని ఆయన ముఖమే చెబుతోంది. నేను మెట్ల మీద కూర్చుని ఉన్నాను. పుట్టింటికి వెళ్లిపోతే ఇక రావడం ఉండదు. ఆ పేరు అక్కడా నన్ను వదలదు.

అత్తగారు చేట అందుకుని ఒక అప్పడం వాసన చూశారు. తరవాత, "ఎనిమిది సార్లా ఒదినా? ఏ ఏ రోజులో సెప్పగలవా?" అని అడిగారు.

పెద్దత్త జ్ఞాపకశక్తికి తిరుగులేదు. పైగా నేరం మోపేవాళ్లు లెక్క మరిచిపోరు. ఏకాదశి ముందు రోజు నలభైకి ముప్పై రెండు పోయాయి, ఆ తరవాత శనివారం ఇరవైకి పదిహేడు పోయాయి అని అన్నీ ఏకరువు పెట్టింది. అత్తగారు మెట్ల పక్క గచ్చు మీద సుద్దతో ఒక అడ్డగీత, ఒక నిలువుగీత గీశారు. దోసెడు మినుములు తెచ్చుకుని కింద కూర్చున్నారు. అడ్డంగా వెళ్లే కొద్దీ నేను వత్తిన అప్పడాలు ఎక్కువ, పైకి వెళ్లే కొద్దీ పాడైనవి ఎక్కువ. ఒక్కో రోజుకు ఒక్కో మినప గింజ. నేను వత్తని రోజులకు కూడా గింజలు పెట్టారు, అవి మూలన అడుగున చేరాయి. మిగతావి ఎడమ నుంచి కుడికి మెట్లెక్కినట్టు పైకి వెళ్లాయి.

"జంట నడకే" అన్నారు అత్తగారు.

పెద్దత్త చేతులు చరిచింది. "మరి నేనేటి సెప్తన్నాను?"

ఆవిడ కూడా చెప్పేశారు, అయిపోయింది అనుకున్నాను. ఆవిడ గింజలన్నీ చేత్తో పోగుచేసి, డైరీ తెప్పించుకున్నారు. పేజీలు తిప్పుతూ మళ్లీ పేర్చారు. ఈసారి అడ్డంగా నా అప్పడాలు కాదు, ఆ రోజు కాసిన ఎండ. గింజలు ఈసారి పై నుంచి కిందికి దిగాయి. ఎండ ఎక్కువున్న రోజు పాడైనవి తక్కువ, ఎండ లేని రోజు పాడైనవి ఎక్కువ. ఎదురు నడక.

"ఒదినా, మన ఆడోళ్లు ఏ రోజులు మానీసినారు?"

"మబ్బు పట్టినప్పుడు రారు కదే. ఆరవని ఆళ్లకి తెల్దా?"

"ఆళ్లు రాని రోజు ఎవరు వత్తినారు?"

నాకు అప్పుడే అర్థమైంది. నన్ను పీట మీద కూర్చోబెట్టింది మబ్బు. అప్పడాన్ని బూజు పట్టించిందీ మబ్బే. నా చెయ్యీ ఆ బూజూ ఒకే మబ్బు కింద కలుసుకున్నాయి, అంతే. నేను మెట్ల మీదే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. ఏడుపు బాధతో కాదు. ఇన్నాళ్లూ చేతులు తోముకున్నందుకు, మొక్కుకున్నందుకు నా మీద నాకే వచ్చిన కోపంతో.

అత్తగారు అక్కడితో వదల్లేదు. గింజలు చూపించేది అనుమానమే, తీర్పు కాదు, చేసి చూడాలి అన్నారు. అదే పిండి, పెద్దత్త కలిపినదే, మబ్బు రోజున పెద్దత్త చేత్తో నలభై వత్తించారు. ఎండ రోజున నా చేత్తో నలభై. పెద్దత్త పౌరుషానికి పోయి నలభైకి బదులు యాభై వత్తింది. మూడో రోజుకు ఆవిడవి నలభై నాలుగు బూజు పట్టాయి. నావి గలగలమన్నాయి. పెద్దత్త రెండు చేటలూ చూసి, "ఆ ఏల నాకు ఒంట్లో నలతగా ఉండీది. సెయ్యి ఆడనేదు" అని లోపలికి వెళ్లిపోయింది. ఓడిపోయినట్టు ఒప్పుకోలేదు. తరవాత ఎన్నడూ ఒప్పుకోలేదు.

ఆ రోజు రాత్రి భోజనాల దగ్గర అత్తగారు నాకు రెండోసారి అన్నం వడ్డించారు. మాట మాత్రం ఇంకా ఆడలేదు. ఆవిడ దేనికోసమో వెతుకుతున్నారని నాకు తెలియదు. నా చెయ్యి సంగతి తేలాక, పాదం సంగతి ఆవిడను నిద్రపోనివ్వలేదట. మా పెళ్లి మొదట మాఘంలో అనుకున్నారు. మావగారు ఉన్నట్టుండి పట్టుబట్టి తొమ్మిది నెలలు ముందుకు, వైశాఖానికి జరిపించారు. ఎందుకు అన్న ప్రశ్న అప్పుడు ఎవరూ వేయలేదు. ఆవిడ ఇప్పుడు వేశారు. మావగారి పెట్టె అడుగున, పాత పంచాంగం మధ్యలో, గుండె డాక్టరు రాసిన చీటీ దొరికింది. ముహూర్తం మార్చడానికి వారం ముందటిది.

మూడో మాసికానికి చుట్టాలంతా వచ్చారు. నా పాదం గురించి మాట్లాడిన నోళ్లన్నీ వరసగా విస్తళ్ల ముందున్నాయి. అత్తగారు హాలు మధ్యలో నిలబడి ఆ చీటీ చదివారు. బళ్లో పాఠం చెప్పినంత గట్టిగా.

"ఆయనకి తెలుసు, ఎక్కువ రోజులు ఉండరని. కొడుకు పెళ్లి సూసి పోదామని ముహూర్తం ముందుకు జరిపినారు. ఈ పిల్ల ఒచ్చినాదని ఆయన పోనేదు. ఆయన పోతారనే ఈ పిల్లని బేగి తెచ్చుకున్నాం. నలభై మంది పిల్లలకి కప్పల కథ సెప్పి నవ్వించి, ఇంటికొచ్చి నేనే కప్పనైపోనాను. ఈ పిల్లతో ఒక మాట అన్నాను. తప్పు. ఎనక్కి తీసుకుంతన్నాను. ఇంకెవరైనా అనాలంటే ముందు నాకు లెక్క సూపించండి."

ఎవరూ చూపించలేదు. విస్తట్లో వడలు చల్లారిపోయాయి. కొత్త కోడలి విషయంలో, అంతమంది ముందు, తప్పు తనదని చెప్పిన అత్తగారిని నేను అంతకు ముందు చూడలేదు. తరవాతా చూడలేదు.

ఆ తరవాత ఆవిడే నన్ను బి.ఇడి. చదివించారు. "అప్పడాలు ఎవరైనా వత్తుతారు. లెక్కలు సెప్పే ఆడది తక్కువ" అన్నారు. పురుషోత్తంపూర్ బళ్లో ఉద్యోగం వచ్చింది. అక్కడే కాపురం పెట్టాం. మా ఆయన రోజూ బస్సులో బరంపురం వెళ్లి అప్పడాల పని చూసుకుని వచ్చేవారు. నేను సెలవులకు వెళ్లేదాన్ని. ఇప్పుడు నా క్లాసులోనూ కప్పలు అరుస్తాయి.

ఆవిడకు షుగరు వచ్చాక కూడా ఆట మానలేదు. ఇంట్లో మిఠాయిలు బందు చేస్తే, "సూడండి, ఇంట్లో స్వీట్లు తగ్గిన కొద్దీ నా షుగరు పెరుగుతంది. ఎదురు నడక. బేగి రసగొల్లాలు తెప్పించండి" అనేవారు. తన శాస్త్రాన్ని తనే అలా తలకిందులు చేసి, మేం ఏం జవాబు చెబుతామా అని కళ్లు చికిలించి చూసేవారు. జవాబు చెప్పలేకపోతే రసగొల్లా నెగ్గేది.

ఒకసారి అత్తగారిని పెద్దత్త గురించి అడిగాను. ఆవిడ అంత పట్టుదలగా నా మీద ఎందుకు పడింది అని. "పెళ్లైన ఆరు నెలలకే మొగుడు పోతే అత్తవారు ఆమెని పాదం మంచిది కాదనే ఎనక్కి తోలీసినారు. ఈ ఇంట్లో ఆమెకి మిగిలిన మంచి మాట ఒక్కటే, సెయ్యి మంచిదని. సెయ్యిలో ఏటీ నేదని నేను గింజలు పేర్చి సూపిస్తే, ఆమెకి ఇంకేటి మిగుల్తాది? నేను లెక్క గెలిచినాను గాని మనిషిని సూడనేదు" అన్నారు. ఆవిడ తనను తాను క్షమించుకోని తప్పు అదే. పెద్దత్త మీద నా కోపం ఆ మాటతో పోయిందని చెప్పలేను. సగం పోయింది.

ఇక ఈ చివరి నెలలు. ఆవిడకు కాళ్లు వాచడం మొదలయ్యాక, సెలవులకే వెళ్లేదాన్ని ఆదివారాలు వెళ్లడం మొదలుపెట్టాను. రక్తం శుద్ధి చేయించే స్థితికి వచ్చాక వారానికి రెండుసార్లు. చివరికి బడికి సెలవు పెట్టి వచ్చి ఉండిపోయాను. గింజలు పేరిస్తే అందంగా వస్తుంది. నా రాకలు పెరిగిన కొద్దీ ఆవిడ ఆరోగ్యం తగ్గింది. అరుగు మీద కూర్చున్న ఆ ఇద్దరూ చూసింది తప్పు కాదు. చదివిందే తప్పు.

ఈ మాట వస్తుందని ఆవిడకు ముందే తెలుసు. పోవడానికి వారం ముందు, అన్నం జావ తాగిస్తుంటే, "నేను పోతే నిన్ను మళ్లీ అంటారు. ఏటి సెప్తావు?" అని అడిగారు. నాకు ఏడుపు వస్తోంది. ఆవిడ విసుక్కున్నారు. "ఏడుపు జవాబు కాదే. ముందు ఎవరు కదిలినారో అడుగు."

అడుగుతున్నాను. ఇందరి ముందు అడుగుతున్నాను. నేను వచ్చాను కాబట్టి ఆవిడ పోలేదు. ఆవిడ వెళ్లిపోతున్నారు కాబట్టి నేను వచ్చాను. ముందు కదిలింది ఆవిడ. మంచానికి దూరంగా ఉండి పాదాన్ని మంచిగా ఉంచుకున్న వాళ్లందరికీ నా నమస్కారం. అలాంటి మంచి పాదం నాకు వద్దు.

పన్నెండో రోజు కార్యం అయిపోయింది. మా ఇంట్లో మైల తీరాక అప్పడాల పని మళ్లీ మొదలుపెట్టే రోజు, మొదటి అప్పడం చెయ్యి మంచిదనిపించుకున్న మనిషి వత్తాలని ఒక ఆచారం. పద్నాలుగో రోజు పొద్దున్న పాకలో పీటలు కడిగి పెట్టారు. అరుగు మీద మాట్లాడిన వాళ్లలో ఒకావిడ తన కోడలిని తీసుకొచ్చింది. పాపం ఆ పిల్ల బెరుగ్గా నిలబడి ఉంది. నేను వెళ్లి మొదటి పీట ముందు కూర్చున్నాను.

"నువ్వు లేమ్మా. ఇప్పటికి సాలదా?" అంది ఆవిడ.

"ఎవరి చెయ్యి మంచిదో తరవాత తేల్చుకుందాం పిన్నీ. ముందు బయటికెళ్లి ఆకాశం చూసి రండి" అన్నాను. ఆ పిల్లకు నా పక్కన ఇంకో పీట లాగి, "నువ్వూ కూర్చో" అన్నాను. కూర్చుంది.

పిండి పెద్దత్తదే. ఇప్పుడు ఆవిడకు తొంభై దగ్గర పడ్డాయి. రోకలి పట్టుకోలేదు, కానీ పక్కన కుర్చీ వేయించుకుని, బొటనవేలితో నొక్కి పాళ్లు చెప్పి, రెండుసార్లు మళ్లీ దంపించింది. నేను వత్తుతుంటే కళ్లు చిట్లించి చూస్తూ కూర్చుంది. పెరట్లో మంచాల మీద పాత నూలు చీరలు పరిచి అప్పడాలు ఆరబెట్టాం.

మధ్యాహ్నం దాటాక చూడడానికి వెళ్లాను. పెద్దత్త అక్కడే ఉంది, కాకుల కోసం చేతికర్ర పట్టుకుని. ఒక అప్పడం తీసి వేలితో తట్టింది. చెవి దగ్గర పెట్టుకుంది. ఇంకొకటి తీసి తట్టింది. నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది.

"నీ సెయ్యి మంచిదేనే అమ్మా" అంది.

ఆ మాట కోసం ముప్పై ఏళ్లు ఎదురుచూశాను. కాదని అబద్ధం చెప్పను. తల వంచి ఆ మాట తీసుకుంటే సరిపోయేది. ఆవిడ సంతోషించేది, అరుగు మీది వాళ్ల నోళ్లు మూతపడేవి. కానీ ఈ రోజు మంచిదైన చెయ్యి, రేపు మబ్బు పడితే మళ్లీ చెడ్డదవుతుంది. నాది కాకపోతే ఆ పక్కన కూర్చున్న పిల్లది అవుతుంది.

"చెయ్యి కాదు పెద్దత్తా" అన్నాను. "పిండి నువ్వు బాగా దంపించినావు, అందుకే పగలకుండా సాగింది. ఎండ బాగా కాసింది, అందుకే ఆరింది. నాదీ మంచి చెయ్యి కాదు, చెడ్డ చెయ్యీ కాదు. నీదీ అంతే. పాదాలూ అంతే. నీవి కూడా."

పెద్దత్త అప్పడాన్ని జాగ్రత్తగా చీర మీద మళ్లీ పెట్టింది. కర్రను ఒళ్లో పెట్టుకుని, చీర అంచు కాస్త పైకి జరిపి, ముడతలు పడిన తన పాదాలు రెండూ ఎండలోకి చాపుకుంది. వాటినే చూసుకుంటూ చాలాసేపు కూర్చుంది.